ఇంట్లో మట్టి లేకుండా కీర దోస పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకుకూరలు నీళ్లలో పెంచి, చేయి తిరిగిందనుకుని కీర వేసినవాళ్లే ఎక్కువగా ఈ ప్రశ్నలు అడుగుతుంటారు. ఆకుకూరకు చిన్న టబ్బు చాలింది కదా, దీనికీ చాలుతుందనుకుంటారు. మొదటి నెల అలాగే అనిపిస్తుంది కూడా. కాయ పట్టే వేళకు కథ మారిపోతుంది. అందుకే కింది జవాబుల్లో సగం ఏదో ఒక దారిన తిరిగి నీళ్ల బకెట్ దగ్గరికే వస్తాయి.

మట్టి లేకుండా కీర నిజంగా కాస్తుందా?

కాస్తుంది. గ్రీన్‌హౌస్‌లలో మట్టి లేకుండా పెద్ద ఎత్తున పండించే పంటల్లో టమాటాతో పాటు చెప్పుకునేది కీరనే. మొక్క మట్టిని తినదు. మట్టిలోని నీళ్లలో కరిగిన లవణాలను వేళ్లతో పీల్చుకుంటుంది. ఆ లవణాలను మనమే నీళ్లలో కలిపి ఇస్తే మట్టితో పని లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం గెరికీ 1937లో ఈ పద్ధతికి 'హైడ్రోపోనిక్స్' అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. కాకపోతే మట్టి చేసే మరో రెండు పనులు మన నెత్తిన పడతాయి. తీగను నిలబెట్టడం ఒకటి, వేళ్లకు గాలి అందేలా చూడటం ఇంకొకటి. మొదటిది అందరికీ గుర్తుంటుంది. రెండోది మొక్క వాడిపోయాక గుర్తొస్తుంది.

ఏ పద్ధతితో మొదలుపెట్టాలి?

ఇంటికైతే నా ఓటు డచ్ బకెట్‌కే. 10 నుంచి 15 లీటర్ల బకెట్‌లో పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపి నింపుతారు. పక్కనున్న ట్యాంకు నుంచి చిన్న పంపు, డ్రిప్ పైపు ద్వారా పోషక ద్రావణం రోజుకు కొన్నిసార్లు మొక్క మొదట్లో పడుతుంది. మిగిలింది అడుగున ఉన్న మోచేతి గొట్టం గుండా తిరిగి ట్యాంకులోకి పోతుంది. ఆ గొట్టం వల్ల బకెట్ అడుగున రెండు అంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. పంపు కాసేపు ఆగినా మొక్క కంగారుపడదు. వేరుకు తడీ గాలీ రెండూ దొరుకుతాయి.

రెండోది డీప్ వాటర్ కల్చర్. ఇందులో వేళ్లు నేరుగా నీళ్లలో వేలాడతాయి. అక్వేరియంలో వాడే ఎయిర్ పంపు, ఎయిర్ స్టోన్ 24 గంటలూ నడుస్తూనే ఉండాలి. మూత ఎత్తితే తెల్లటి వేళ్లు జడలా కనిపిస్తాయి, చూడ్డానికి సరదాగా ఉంటుంది. కానీ నీళ్లు వేడెక్కితే మొదట దెబ్బ తినేదీ ఇదే.

మూడోది హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన, పంపు అక్కర్లేని పద్ధతి. మొక్క తాగేకొద్దీ నీటి మట్టం దిగుతుంది, పైన ఏర్పడిన ఖాళీలో వేళ్లు గాలి పీలుస్తాయి. కీరకు ఇది చేయాలంటే పెద్ద డ్రమ్ము కావాలి. ఇందులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. నీళ్లు తగ్గాయి కదా అని మళ్లీ అంచు దాకా నింపేస్తారు. గాలికి అలవాటుపడ్డ వేళ్లు మునిగి, మొక్క డీలా పడిపోతుంది. నింపాల్సి వచ్చినా పై భాగం ఖాళీగానే వదలండి.

ఇక సన్నటి పైపుల్లో పల్చగా నీళ్లు పారే ఎన్ఎఫ్‌టీ. ఆకుకూరలకు బాగుంటుంది, కీరకు వద్దు. వేళ్లు పైపంతా అల్లుకుని నీళ్లకు అడ్డం పడతాయి. ఒక రోజు పొద్దున్నే నేలంతా నీళ్లు కనిపించాక గానీ సంగతి తెలియదు.

ఒక్కో మొక్కకు ఎన్ని లీటర్లు కావాలి?

వేళ్లు నీళ్లలోనే ఉండే పద్ధతిలో మొక్కకు కనీసం 20 లీటర్లు. డచ్ బకెట్లయితే అన్నిటికీ కలిపి ఒక పెద్ద ట్యాంకు పెట్టుకుని, అదే లెక్కన చూసుకోండి. ఎక్కువైతే నష్టం లేదు.

ఎందుకింత అంటే, కాయల మీదున్న పెద్ద తీగ ఎండ బాగా ఉన్న రోజున రెండు, మూడు లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి తాగేస్తుంది. నేను మొదట్లో 20 లీటర్ల బకెట్‌లో రెండు తీగలు పెట్టి, నిండా నింపి, మూడు రోజులు ఊరెళ్లాను. తిరిగొచ్చి మూత తీస్తే అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లున్నాయి. మీటర్ పెడితే ఈసీ, అంటే నీళ్లలో కరిగిన ఉప్పు ఎంతో చెప్పే అంకె, 4 దాటింది. తీగ నీళ్లు తాగేసి ఉప్పులను అక్కడే వదిలేసింది. ఆకుల అంచులన్నీ నిప్పు తగిలినట్టు కమిలిపోయాయి. పైన పిందెలు ఎండిపోయి దూదిలా ఉన్నాయి. ఆ తీగలు మళ్లీ కోలుకోలేదు. బకెట్ పెద్దదైతే నీళ్లతో పాటు ఈసీ, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె), వేడి, అన్నీ నెమ్మదిగా మారతాయి. మనకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

విత్తనాల్లో ఏ రకం కొనాలి?

ప్యాకెట్ మీద 'పార్థెనోకార్పిక్' అని ఉందేమో చూడండి. అంటే పరాగ సంపర్కం లేకుండానే కాయ కట్టే రకం. గదిలోనో, వలల వెనకో, తేనెటీగలు రాని చోటో పెంచేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. ఈ రకాల్లో చాలావాటికి దాదాపు అన్నీ ఆడ పువ్వులే వస్తాయి, కాయలో గింజ ఉండదు. ఒక తమాషా ఏమిటంటే, వీటికి పొరపాటున పుప్పొడి అందితే గింజ కట్టి కాయ ఒక చివర ఉబ్బి, ఆకారం చెడుతుంది. అందుకే వీటి పక్కన మామూలు రకాలు వేయకండి.

'గైనోషియస్' అని మాత్రమే రాసుంటే జాగ్రత్త. అన్నీ ఆడ పువ్వులే అని దానర్థం, పుప్పొడి అక్కర్లేదని కాదు. అలాంటి ప్యాకెట్లలో కొన్ని వేరే రంగు పూసిన గింజలు కనిపిస్తుంటాయి. అవి మగ పువ్వులిచ్చే మొక్కలవి. తేడాగా ఉన్నాయని పారేస్తే మిగతావి కాయవు.

చోటు తక్కువైతే 12 నుంచి 15 సెంటీమీటర్ల చిన్న కాయలిచ్చే మినీ రకాలు తీసుకోండి.

మొలకలు ఎలా తీయాలి?

తడిపిన కోకోపీట్ ప్లగ్గులో (చిన్న దిమ్మలో) గానీ రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) ముక్కలో గానీ సెంటీమీటరు లోతున గింజను పెట్టండి. రాక్‌వూల్‌కు క్షార గుణం ఎక్కువ, కాబట్టి ముందు పీహెచ్ 5.5 ఉన్న నీళ్లలో నానబెట్టాలి. 25 నుంచి 30 డిగ్రీల వేడి ఉంటే మూడు నుంచి ఐదు రోజుల్లో మొలక వస్తుంది. వచ్చిన వెంటనే వెలుగులో పెట్టకపోతే సన్నగా సాగి పడిపోతుంది. రెండు మూడు అసలు ఆకులు వచ్చాక, అంటే సుమారు రెండు మూడు వారాలకు, ప్లగ్గుతో సహా బకెట్‌లోకి మార్చండి. కీర వేళ్లకు కదిలిస్తే కోపం. విడదీసి, కడిగి, సర్ది పెట్టే ప్రయత్నాలు చేయొద్దు.

మా ఇంట్లో ఎండ తక్కువ. పెరుగుతుందా?

రోజుకు ఆరేడు గంటల నేరు ఎండ తగలకపోతే తీగ పెరుగుతుంది గానీ కాయ నిలవదు. ఎండ లేని చోట గ్రో లైట్లు పెట్టి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించాలి. రాత్రి చీకటి ఇవ్వండి. మామూలు గది బల్బుతో కీర కాయించాలనుకోవడం మాత్రం దండగ.

ఎరువు ఏది? ఏ, బీ అని రెండు సీసాలు ఎందుకిస్తారు?

హైడ్రోపోనిక్స్ కోసమే తయారుచేసిన, పూర్తిగా నీళ్లలో కరిగే ఎరువు కొనండి. మట్టిలో వేసే ఎరువుల్లో చాలావాటిలో యూరియా, అమ్మోనియా రూపంలో నత్రజని ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మార్చిపెడతాయి. మీ బకెట్‌లో ఆ పనిచేసేవాళ్లు పెద్దగా ఉండరు.

రెండు సీసాల సంగతి ఇంట్లోనే చూడొచ్చు. 'ఏ' సీసాలో కాల్షియం నైట్రేట్ ఉంటుంది, 'బీ' సీసాలో ఫాస్ఫేట్లు, సల్ఫేట్లు ఉంటాయి. చిక్కగా ఉన్నప్పుడు రెంటినీ ఒకే గ్లాసులో పోస్తే చూస్తుండగానే పాలు విరిగినట్టు తెల్లబడి, అడుగున సున్నంలా పేరుకుంటుంది. ఆ తెల్లటిదే మొక్కకు అందాల్సిన కాల్షియం. ఒకసారి గట్టిపడ్డాక అది వేళ్లకు పనికిరాదు. పైగా డ్రిప్పర్లలో ఇరుక్కుంటుంది. కాబట్టి ముందు బకెట్ నిండా నీళ్లు, అందులో 'ఏ' పోసి బాగా కలపడం, తర్వాత 'బీ'. పల్చటి నీళ్లలో ఈ గొడవ ఉండదు.

పూత మొదలయ్యాక తీగకు పొటాషియం ఎక్కువ కావాలి. కాయల దశ కోసం అమ్మే మిశ్రమంలో ఆ మార్పు ఉంటుంది. సొంతంగా లవణాలు కొని తూచి కలపడం తర్వాత నేర్చుకోవచ్చు. మొదటి తీగకు ఆ టెన్షన్ ఎందుకు?

ఈసీ, పీహెచ్ ఎంత ఉండాలి? మీటర్లు తప్పనిసరా?

తప్పనిసరి. లైట్లూ స్టాండ్లూ చవకవి కొన్నా ఫర్వాలేదు గానీ మీటర్ల దగ్గర పిసినారితనం వద్దు.

పీహెచ్ 5.5 నుంచి 6.2 మధ్య ఉంటే బాగుంటుంది. 6.5 దాటి పైకి పోతే ఇనుము, మాంగనీసు నీళ్లలో ఉన్నా వేళ్లకు అందవు. పీహెచ్ తగ్గించడానికి ఫాస్ఫారిక్ యాసిడ్, పెంచడానికి పొటాషియం హైడ్రాక్సైడ్ వాడతారు. రెండూ చర్మాన్ని కాల్చేవే, గ్లవ్స్ వేసుకోండి. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కూడా పీహెచ్‌ను దించుతుంది. కానీ సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ఈసీ అంటే నీళ్లలో ఎంత ఉప్పు కరిగిందో చెప్పే అంకె. నారు దశలో 1.0 నుంచి 1.2, తీగ సాగేటప్పుడు 1.5 నుంచి 1.8, కాయలప్పుడు 2.0 నుంచి 2.4 మిల్లీసీమెన్స్ సరిపోతుంది. ఎండలు మండేటప్పుడు కాస్త తగ్గించండి, అప్పుడు మొక్కకు ఆకలి కంటే దాహమే ఎక్కువ.

ఉప్పును పీపీఎంలో (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో) చూపించే మీటరు ఉంటే ఒక మెలిక ఉంది. కొన్ని మీటర్లు ఈసీని 500తో, కొన్ని 700తో గుణించి పీపీఎం చూపిస్తాయి. ఈసీ 2.0 ఉన్న అదే నీళ్లు ఒకదాంట్లో 1000, ఇంకోదాంట్లో 1400 చూపిస్తాయి. నేను మీటరు మార్చిన వారం, ఎరువు ఎక్కువైందనుకుని ఐదు రోజులు ఉత్త నీళ్లు పోస్తూ పోయాను. తీగ పాలిపోయాక అనుమానమొచ్చి రెండు మీటర్లూ ఒకే గ్లాసులో ముంచి చూశాను. అప్పటినుంచి ఈసీ తప్ప ఇంకో అంకె రాసుకోను.

రోజూ మీటరు పెడితే అంకెలు మారుతున్నాయి. ఏం అర్థం చేసుకోవాలి?

నీటి మట్టం, ఈసీ రెండూ కలిపి చదవాలి. మట్టం తగ్గి ఈసీ పెరిగిందంటే మొక్క ఉప్పు కంటే నీళ్లు ఎక్కువ తీసుకుంటోంది, ద్రావణం చిక్కగా ఉంది, ఉత్త నీళ్లు పోయండి. మట్టం తగ్గి ఈసీ కూడా తగ్గితే ఆకలిగా ఉంది, ఎరువు కలిపిన నీళ్లు పోయండి. మట్టం తగ్గినా ఈసీ అక్కడే ఉంటే మీ పాళ్లు సరిగ్గా కుదిరినట్టే. మట్టమే తగ్గడం లేదంటే ఎండైనా లేదు, వేళ్లలోనైనా తేడా ఉంది. అప్పుడు మూత తీసి చూడండి.

ఆకు మీద లక్షణం కనిపించేసరికి రోజులు గడిచిపోతాయి. బకెట్‌లో ఏ పూటకా పూట తెలుస్తుంది. గోడకు ఒక కాగితం అంటించి తేదీ, మట్టం, ఈసీ, పీహెచ్ రాస్తూ ఉండండి. రెండు వారాలయ్యాక ఆ కాగితం ఈ పేజీ కంటే మీకు ఎక్కువ చెబుతుంది.

కుళాయి నీళ్లు వాడొచ్చా?

ముందు వాటి ఈసీ చూడండి. 0.5 లోపు ఉంటే నిశ్చింతగా వాడొచ్చు. 1.0 దగ్గర్లో ఉంటే అందులో మొక్కకు అక్కర్లేని ఉప్పులు ఎక్కువున్నట్టు, ఆర్వో ఫిల్టర్ నీళ్లు కలిపి వాడండి. క్లోరిన్ వాసన వస్తుంటే ఒక రాత్రి మూత లేకుండా ఉంచితే పోతుంది. క్లోరమైన్ కలిపిన నీళ్లయితే అలా పోదు, దానికి కార్బన్ ఫిల్టర్ కావాలి. ఆర్వో నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి అవి విడిగా కలపాలి.

ద్రావణం మొత్తం ఎన్నాళ్లకు మార్చాలి?

చిన్న బకెట్లలో వారం నుంచి పది రోజులు, పెద్ద ట్యాంకులో రెండు వారాలు. ఈసీ మీటరు మొత్తం ఉప్పు చెబుతుంది గానీ అందులో ఏది మిగిలింది, ఏది అయిపోయింది చెప్పదు. పాత ద్రావణాన్ని మట్టిలో పెరిగే మొక్కలకు పల్చగా చేసి పోయండి. చెరువుల్లోకి, కాలువల్లోకి వదలకండి, నాచు పెరిగిపోతుంది.

ఎండాకాలం వేళ్లు గోధుమ రంగులోకి మారి కుళ్లు వాసన వస్తోంది. ఏం చేయాలి?

అది వేరుకుళ్లు, చాలాసార్లు పిథియం అనే జీవి పని. కానీ దానికి తలుపు తీసింది వేడి నీళ్లు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.5కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి వేళ్లు ఊపిరి ఎక్కువ తీసుకుంటాయి. అందేది తక్కువ, కావాల్సింది ఎక్కువ. ఆ నీరసంలో రోగం అంటుకుంటుంది.

నీళ్లు 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండేలా చూడాలి. బకెట్‌కు తెల్ల రంగు వేయండి, లేదా థర్మోకోల్ షీటు చుట్టండి. ట్యాంకును నీడలో పెట్టండి. మరీ వేడిగా ఉన్న మధ్యాహ్నాల్లో నీళ్లు నింపి గడ్డకట్టించిన సీసాను మూత బిగించి ట్యాంకులో వేయండి. రెండో ఎయిర్ స్టోన్ కూడా పెట్టండి.

రోగం వచ్చేశాక, కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, బకెట్ కడిగి, కొత్త ద్రావణం తక్కువ ఈసీతో పోసి చూడండి. తెల్లటి కొత్త వేళ్లు వారంలో కనిపిస్తే బతికినట్టే. సగానికి పైగా వేళ్లు పోయి ఉంటే మాత్రం ఆ తీగ మీద ఆశ వదిలి కొత్త గింజ నాటడం నయం. 50, 60 రోజుల్లో కాపుకొచ్చే పంట కోసం నెల రోజులు ఐసీయూ నడపడం దేనికి?

ఒక్కమాట, కోకోపీట్ రంగు అంటి గోధుమగా ఉన్న వేళ్లను చూసి భయపడకండి. వేలితో రుద్దితే జిగటగా పై పొర ఊడి, లోపలి దారం మిగిలితే అది కుళ్లు. గట్టిగా ఉంటే మంచి వేరే.

కరెంటు పోతే?

కోకోపీట్ ఉన్న డచ్ బకెట్ కొన్ని గంటలు తట్టుకుంటుంది. నీళ్లలో వేలాడే వేళ్లకు చల్లటి వేళల్లో ఫర్వాలేదు గానీ, వేడి మధ్యాహ్నం త్వరగా ఇబ్బంది మొదలవుతుంది. మగ్గుతో నీళ్లు తీసి పైనుంచి మళ్లీ బకెట్‌లోకే పోస్తూ ఉండండి. ఎంత ఎత్తు నుంచి పోస్తే అంత గాలి కలుస్తుంది.

తీగను ఎలా ఎక్కించాలి? కొమ్మలు కత్తిరించాలా?

తీగ రెండు మీటర్లు సులువుగా దాటుతుంది కాబట్టి పైన గట్టి ఆధారం, దాన్నుంచి వేలాడే తాడు ఉండాలి. వారానికి రెండుసార్లు తీగ తలను తాడు చుట్టూ తిప్పుతూ పోవాలి. లేదా క్లిప్పులు పెట్టుకోవచ్చు. మొక్కల మధ్య 40 సెంటీమీటర్లు వదలండి.

నులితీగలను ఒకసారి దగ్గరగా చూడండి. తాడును పట్టుకున్నాక అది స్ప్రింగులా చుట్టుకుంటుంది. సగం ఒక వైపు, మిగతా సగం దానికి ఎదురు వైపు. మధ్యలో దిశ మారే చోట చిన్న మెలిక ఉంటుంది. రెండు కొసలూ కట్టేసి ఉన్న దారం మెలిపడాలంటే అలాగే కుదురుతుంది మరి. గాలికి తీగ ఊగినా తెగకుండా సాగేది దానివల్లే. కొందరు పెంపకందారులు నులితీగలన్నీ తీసేస్తారు, పక్క ఆకునో పిందెనో పట్టుకుని లాగుతాయని. నేను అడ్డొచ్చినవి మాత్రమే తీస్తాను.

కత్తిరింపు విషయానికొస్తే, కింది నాలుగైదు కణుపుల్లో వచ్చే పువ్వులు, పక్క కొమ్మలు తీసేయండి. చేతులు రావు, తెలుసు. కానీ పిల్ల తీగ మీద అప్పుడే కాయ పెడితే ఎదుగుదల ఆగిపోతుంది. ఆ పైన ప్రధాన కాండాన్నే ఉంచి, పక్క కొమ్మలను వేలెడంత ఉండగానే గిల్లేయండి. తీగ పై ఆధారం దాటాక తలను తుంచి, పైనున్న రెండు కొమ్మలను గొడుగులా కిందికి వదలొచ్చు. అడుగున ముదిరి పసుపెక్కిన ఆకులను ఒకసారికి రెండు మూడుకు మించకుండా తీయండి.

పువ్వులు బోలెడు వస్తున్నాయి, ఒక్క కాయ లేదు. ఎందుకు?

పువ్వు వెనక చూడండి. చిట్టి కీర ఆకారం ఉంటే ఆడ పువ్వు, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. మామూలు రకాల్లో మగ పువ్వులు ముందుగా వస్తాయి, ఆడవి వారం, రెండు వారాలు ఆలస్యంగా మొదలవుతాయి. వేడి ఎక్కువగా, పగలు పొడుగ్గా ఉన్నప్పుడు మగ పువ్వుల సంఖ్య ఇంకా పెరుగుతుంది. కాబట్టి మొదట కొంచెం ఓపిక పట్టండి.

ఆడ పువ్వులూ వచ్చి, తేనెటీగలు రాకపోతే ఆ పని మీరే చేయాలి. పొద్దున్నే అప్పుడే విచ్చిన మగ పువ్వును కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పసుపు పొడిని ఆడ పువ్వు నడుమ మెత్తగా రాయండి. పువ్వు ఒక్కరోజే నిలుస్తుంది, సాయంత్రం చూద్దాంలే అంటే కుదరదు. మళ్లీ చెబుతున్నా, పార్థెనోకార్పిక్ రకమైతే ఈ పని చేయకండి.

పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి.

పుప్పొడి అందని పిందె అలాగే రాలుతుంది. పుప్పొడి అక్కర్లేని రకంలో కూడా రాలితే, తీగ తన బరువు తానే తగ్గించుకుంటోందని అర్థం. పెద్ద కాయలు నాలుగైదు వేలాడుతుంటే పై పిందెలకు వాటా అందదు. పెద్దవి కోసేయండి, పైవి నిలుస్తాయి. వరసగా మబ్బు పట్టిన రోజుల్లో కూడా ఇది మామూలే.

కాయ వంకరగా, చేదుగా వస్తోంది.

వంకర కాయకు కారణాలు చాలా. ఆకు కాడకో తాడుకో ఆనుకుని పెరగడం, పుప్పొడి సగం సగం అందడం, మధ్యలో ఒకరోజు నీళ్లు తప్పడం. రుచికి లోటు లేదు, తినేయండి.

చేదు వేరే సంగతి. కుకుర్బిటాసిన్లు అనే పదార్థాల వల్ల అది వస్తుంది. తీగ ఆకుల్లో ఇవి సహజంగానే ఉంటాయి. ఎండ దెబ్బ, నీటి ఎద్దడి లాంటివి తగిలినప్పుడు కాయలోకీ చేరతాయి. తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువగా ఉంటాయి. తొడిమ చివర కోసి, తొక్క కాస్త మందంగా తీస్తే చాలావరకు పోతుంది. అయినా నోట్లో పెట్టుకోలేనంత చేదుగా ఉంటే తినొద్దు, పారేయండి. చేదు రాని రకాలు కూడా విత్తనాల్లో దొరుకుతాయి.

ఆకులు పసుపు రంగులోకి మారుతున్నాయి. ఏ లోపం?

ముందు ఏ ఆకో చూడండి. పైన లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఇనుము పోసే ముందు పీహెచ్ చూడండి, పదింట తొమ్మిదిసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. కింది ముదురు ఆకులో ఈనెల మధ్య పసుపు అయితే మెగ్నీషియం. కింది ఆకు మొత్తం ఒకేలా పాలిపోతే నత్రజని. లేత ఆకుల అంచులు మాడి గిన్నెలా ముడుచుకుంటే కాల్షియం, అదీ ఎక్కువగా గాలి ఆడని, తేమ నిండిన చోట వస్తుంది. ఫ్యాన్ పెట్టి చూడండి.

పొద్దున్నే ఆకుల అంచున నీటి బొట్లు కనిపిస్తున్నాయి. మంచు కాదు కదా?

కాదు. రాత్రి వేళ్లు తోసిన నీళ్లు ఆకు అంచు రంధ్రాల్లోంచి చుక్కలుగా బయటికొచ్చాయి. వేళ్లు ఆరోగ్యంగా ఉన్నాయనడానికి గుర్తు. ఆరాక తెల్లటి మరక మిగిలితే అది ఉప్పు. మరీ ఎక్కువగా ఉంటే ఈసీ కొద్దిగా తగ్గించండి.

మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి లేస్తోంది.

అంత పెద్ద ఆకులు వదిలే నీటిని వేళ్లు ఆ రెండు మూడు గంటలు అందుకోలేకపోతున్నాయి. మబ్బు రోజుల తర్వాత ఒక్కసారిగా ఎండ కాస్తే ఇలా అవుతుంది. నీడ గుడ్డ కట్టండి. తెల్లారినా వాలిపోయే ఉంటే వేళ్లు చూడాల్సిందే.

మట్టి లేదు కాబట్టి తెగుళ్లు, పురుగులు రావు కదా?

మట్టి నుంచి వచ్చేవి తగ్గుతాయి. గాలిలో వచ్చేవాటికి మీరు మట్టి వాడారా లేదా అన్నది అనవసరం. కీరకు తప్పక ఎదురయ్యేది బూడిద తెగులు. ఆకు పైన పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు వస్తాయి. దీనికి ఆకు తడవాల్సిన పనిలేదు, గాలి ఆడకుండా తేమ నిలిస్తే చాలు. మొదటి మచ్చ కనిపించిన ఆకును తీసేసి, పొటాషియం బైకార్బొనేట్ పిచికారీ చేస్తే అదుపులో ఉంటుంది. తెగులు తట్టుకునే రకం వేయడం అన్నిటికంటే మేలు.

పురుగుల్లో తెల్లదోమ, పేనుబంక, తామర పురుగులు, నల్లి. వారానికోసారి ఆకులు తిప్పి అడుగు భాగం చూడండి. ఆకు పైన సన్నటి సూది పోట్లలాంటి చుక్కలు, కింద సాలెగూడులాంటి దారాలు ఉంటే అది నల్లి, పొడి వేడి గాలిలో పెరుగుతుంది. పసుపు జిగురు అట్టలు తీగ తల దగ్గర వేలాడదీస్తే ఎగిరేవి పట్టుబడతాయి. వేపనూనె, పురుగుల సబ్బు ద్రావణం సాయంత్రం పూట చల్లండి, ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. పువ్వుల మీద తేనెటీగలు తిరిగే వేళ ఏదీ చల్లొద్దు.

నీళ్లు ఆకుపచ్చగా మారాయి. దోమలు కూడా వస్తున్నాయి.

వెలుగు లోపలికి పడుతోంది. బకెట్‌కు నల్ల రంగు, దానిపైన తెల్ల రంగు వేయండి. మూతలో రంధ్రాలు ఏమైనా ఉంటే మూసేయండి. దోమ దూరే సందు ఉంటే గుడ్లు పెట్టేస్తుంది, గొట్టాల చివరలకు వల కట్టండి.

కాయ ఎప్పుడు కోయాలి?

మీరనుకున్నదానికంటే ఒకరోజు ముందు. పువ్వు విచ్చాక 8 నుంచి 12 రోజుల్లో కాయ సిద్ధమవుతుంది. చిన్న రకాలైతే ఇంకా ముందే. కాపు మీదున్నప్పుడు రోజూ చూడాలి, ఎందుకంటే ఆకు చాటున దాక్కున్న కాయ ఒక్క రాత్రిలో ముదిరిపోతుంది. గింజ ముదిరి పసుపెక్కిన కాయ ఒక్కటి వేలాడుతున్నా, తీగ తన పని అయిపోయిందనుకుని కొత్త పిందెలు తగ్గిస్తుంది. లాగకుండా కత్తెరతో కొద్దిగా తొడిమ ఉంచి కోయండి. ఫ్రిజ్‌లో మరీ చల్లటి అరలో పెట్టొద్దు. 10 డిగ్రీల కంటే తక్కువలో కొన్ని రోజులుంటే నీరుకారి గుంటలు పడతాయి. పండిన అరటి, టమాటాల పక్కన పెట్టినా త్వరగా పసుపెక్కుతుంది.

రసాయనాలు కలిపిన నీళ్లతో పెంచిన కాయ తినొచ్చా?

నిర్భయంగా. వేరు తీసుకునేది నైట్రేట్, పొటాషియం, కాల్షియం అయాన్లను. అవి పశువుల ఎరువు నుంచి వచ్చినా సంచిలోంచి వచ్చినా ఒకటే. ఎరువు వేరు, పురుగుమందు వేరు, ఈ రెంటినీ కలగలిపే అనవసరంగా భయపడుతుంటారు. ఆకుకూరలతో పోలిస్తే కీర కాయలో నైట్రేట్ చేరేది కూడా తక్కువే.

ఒక తీగ ఎన్నాళ్లు కాస్తుంది? తర్వాత ఏం చేయాలి?

విత్తిన దగ్గర్నుంచి మూడు నాలుగు నెలలు. చివర్లో కాయలు చిన్నవై, ఆకు గరుకుబారి, బూడిద తెగులు తరచూ వస్తుంటే తీసేయండి. ఏడాది పొడవునా కావాలంటే మొదటి తీగ కాపులో ఉండగానే, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొత్త గింజ నాటుతూ పోవాలి.

తీగ తీశాక బకెట్, గొట్టాలు, పంపు సబ్బుతో కడిగి, పల్చటి బ్లీచ్ నీళ్లలో అరగంట ఉంచి, బాగా జాడించి ఎండబెట్టండి. పెర్లైట్‌ను వేర్లు ఏరి, కడిగి మళ్లీ వాడొచ్చు. వేరుకుళ్లు వచ్చిన బకెట్‌లోది మాత్రం పారేయండి. కొత్త కోకోపీట్ వాడేముందు కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి కడగాలి. అందులో సహజంగా ఉండే సోడియం, పొటాషియం అప్పుడు బయటికి వస్తాయి. లేకపోతే మొదటి రెండు వారాలు మీరు పోసే కాల్షియాన్ని మొక్కకు బదులు అదే పట్టేసుకుంటుంది.